దిబ్బ చెప్పిన లోతు

మా అక్క ఇంట్లో నేను అన్నానికి కూర్చుంటే మా బావ ఒక మాట అనకుండా ఉండడు. నాకు మెతుకులు లెక్కపెట్టి వడ్డించమంటాడు, తక్కువైతే నేను కాగితం తీస్తానంటాడు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. మా ఇంటి గడప నుంచి మద్దేడ్ పోయే బస్సు ఆగే చోటికి రెండు వేల నూట పది అడుగులు. వానాకాలం బురద తప్పించుకుంటూ నడిస్తే ఇంకో నూట ముప్ఫై. ఇది నన్ను ఎవరూ అడగలేదు. అడగకుండానే చెప్పడం నా అలవాటని మా ఆవిడ అంటుంది.

మాది సరిహద్దు ఊరు, నేను చదివింది హిందీ బడిలో ఎనిమిదో తరగతి దాకా. ఆ తర్వాత లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. గట్టు కట్టాలంటే ఎన్ని బండ్ల మట్టి, బావిలో ఎన్ని మూరల నీళ్లు, చెరువు తూము ఎంతసేపు వదిలితే చివరి మడి తడుస్తుంది, ఇలాంటివి అడగడానికి చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల వాళ్లు వస్తారు. తెలుగువాళ్లు లెక్క అంటారు, బజారులో హిసాబ్ అంటారు. అంకె మాత్రం ఏ భాషలోనైనా ఒకటే కాబట్టి నాకు ఇబ్బంది లేదు. చాలాసార్లు నా లెక్క సరిపోతుంది. సరిపోని ఒకసారి గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. నేను చెప్పకపోయినా మా బావ ఎలాగూ చెబుతాడు. ఆయన చెబితే ఐదు సాళ్ల మిరప నష్టం పదిహేను సాళ్లవుతుంది.

మా బావ చేను తూర్పు అంచున ఒక పాత గని ఉంది. ఊళ్లో దాన్ని వెండి గుంత అంటారు. ఎవరు తవ్వారో ఎవరికీ తెలియదు. రాజు తవ్వించాడని ఒకరు, దొరలని ఒకరు, వాళ్లందరికంటే ముందే ఎవరో తవ్వి పోయారని ఇంకొకరు అంటారు. అందులోంచి వెండి తీసినవాణ్ణి చూసినవాడు లేడు, చూసినవాణ్ణి చూసినవాడు కూడా లేడు. పొదల మధ్య పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున్న నోరు. ఎనిమిది అడుగుల కింద నల్లటి నీళ్లు. అంచున తెల్లటి పలుగురాయి, దాని మీద అక్కడక్కడ ఆకుపచ్చ మరకలు. ఎండాకాలం చేదతో తోడి పశువులకు పోయడం తప్ప ఆ నీళ్ల జోలికి ఎవరూ పోలేదు.

కొన్నేళ్ల కిందట రాళ్లు పరీక్షించే ఆఫీసరు ఒకాయన వచ్చి మూడు రోజులు మా అరుగు మీద మకాం పెట్టాడు. నాకు అంతకంటే మంచి మూడు రోజులు రాలేదు. ఆయన చెప్పిందంతా నోటుబుక్కులో రాసుకున్నాను. ఒకప్పుడు ఇక్కడి బండ పగిలిందట. పగులులోంచి అడుగున ఉన్న వేడి నీళ్లు పైకి వచ్చి, చల్లారుతూ, తమలో కరిగి ఉన్నదంతా అక్కడ వదిలేశాయట. పలుగురాయి అలా పేరుకున్నదే. దానిలో ఇరుక్కున్నది రాగి. ఆకుపచ్చ మరక ఆ రాగికి పట్టిన చిలుము, మనం తోమకుండా వదిలేసిన ఇత్తడి చెంబుకు పట్టేలాంటిదే. పలుగురాయిలో బూడిదరంగు మెరుపుతో బరువుగా ఉండేది సీసపు రాయి. వెండి ఉంటే గింటే అందులోనే ఉండాలి.

ఎంత ఉంటుందని మా బావ అడిగాడు. పప్పులో ఉప్పంత ఉంటుందా అని నేను మధ్యలో దూరాను. ఉప్పంత కాదు, ఉప్పు వేశామో లేదో అన్న అనుమానమంత అన్నాడాయన.

ఆ మాటతో మా బావ ఇంటికి వెళ్లి అటక మీది నుంచి ఒక రేకు డబ్బా తెచ్చాడు. పెళ్లికి ముందు నుంచి గుంత అంచున వెండనుకుని ఏరి దాచుకున్న మెరుపు పెళ్లలు అందులో ఉన్నాయి. ఆఫీసరు ఒక పెళ్ల తీసి గోటితో పొరలు పొరలుగా ఊడదీసి, ఇది అభ్రకమండి అన్నాడు, ఎంతో మర్యాదగా. మా అక్క ఆ డబ్బా కడిగి అందులో మెంతులు పోసుకుంది. నన్ను మెతుకుల మాట అన్నప్పుడల్లా నేను బావను మెంతులు ఎలా ఉన్నాయని అడుగుతాను. లెక్క సమం.

అసలు సంగతికి వస్తాను. ఈ మధ్య ఒక ఏడు మా బావ ఆ గుంత పక్క అరెకరంలో మిరప వేశాడు. అంతకు ముందటి ఏడు ఆకుముడత వచ్చి మిరప మొత్తం పోయింది. మళ్లీ వేయొద్దని ఇంటిల్లిపాదీ చెప్పారు, నేనూ చెప్పాను. ఆయన వినలేదు. నలభై సాళ్లు నాటాడు, పొద్దునా సాయంత్రం ఆకులు తిరగేసి చూసుకున్నాడు. చేను బాగా వచ్చింది. మొదటి కోత అయింది. రెండో కాపు చెట్ల నిండా పిందెల మీద ఉండగా బోరు గాలి కక్కడం మొదలుపెట్టింది. రెండు రోజులు ఎర్రటి బురద, మూడో రోజు అదీ లేదు. ఆఖరి కోత దాకా చెట్లు నిలవాలంటే ఇంకా రెండు తడులు, అంటే చేను రెండుసార్లు పారేంత నీళ్లు కావాలి. ఒక్క తడితో పిందె ముదరదు, ముడుచుకుపోయి రాలుతుంది. పోయిన ఏడు పోయిన పంట ఈ ఏడు నిలవాలని ఆయన ఎంత పట్టుగా ఉన్నాడో నాకు తెలుసు. ఆ వారం నన్ను ఆయన ఒక్క మాట కూడా అనలేదు.

నాలుగో రోజు పొద్దున నన్ను గుంత దగ్గరికి తీసుకుపోయాడు.

“బామ్మర్ది, ఇందుల ఎన్ని తడుల నీళ్లున్నయో పక్కా హిసాబ్ జేసి చెప్పు,” అన్నాడు.

నీళ్లు చేనుకు పనికొస్తాయా అన్న అనుమానం నాకు లేకపోలేదు, రాగి కదా. కానీ ఆ నీళ్లలో కప్పలున్నాయి, గోడలకు నత్తలున్నాయి. రాగి ఎక్కువైన నీళ్లలో నత్త బతకదని ఆఫీసరు చెప్పింది నోటుబుక్కులో ఉంది. అయినా బోరు గాలి కక్కిన రోజే ఒక సాలుకు చేదతో పోసి రెండు రోజులు చూడమని చెప్పి ఉన్నాను. ఆ సాలు మిగతావాటికంటే పచ్చగా ఉంది. ఇక్కడి వరకు నేను జాగ్రత్తపరుణ్ణే.

తాడుకు రాయి కట్టి వదిలాను. యాభై ఎనిమిది అడుగుల దగ్గర ఆగింది. పైన ఎనిమిది పొడి, మిగతా యాభై తడి. పది ఇంటూ ఆరు అరవై. అరవై ఇంటూ యాభై మూడు వేల ఘనపుటడుగులు. అరెకరం మిరపకు సాళ్ల మధ్యనే పారిస్తే ఒక తడికి అటూ ఇటుగా పట్టేది అంతే. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే వచ్చింది. అంకె అలా సున్నాలతో వస్తే నాకు ఎక్కడలేని సంతోషం.

ఒక్క తడి అని చెప్పాను.

నేను అక్కడితో ఊరుకుని ఉండవచ్చు. కానీ లెక్క మొదలుపెట్టాక చివరిదాకా పోకుండా ఉండలేను. మొత్తానికి ఒక్క తడి అంటే సగానికి రెండు తడులు. ఇరవై సాళ్లు పీకేస్తే మిగతా ఇరవై గట్టెక్కుతాయి, పీకకపోతే నలభై పోతాయి. ఇదంతా ఆయనకు వివరంగా, నేల మీద పుల్లతో గీసి మరీ చెప్పాను. కళ్లముందు కాసిన చెట్లను పీకమంటున్నానన్న సంగతి నాకు ఆ పుల్ల గీతల్లో కనిపించలేదు. ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నా లెక్క మీద ఆయనకు అంత నమ్మకముందని నాకు అప్పటిదాకా తెలియదు, ఎగతాళి అలవాటైపోయి.

మర్నాడు పొద్దున్నే పీకడం మొదలుపెట్టాడు, గుంత వైపు నుంచి. మా అక్క పీకిన చెట్ల దగ్గర కూర్చుని పచ్చికాయలు తుంచి గంపలో వేస్తోంది. నేను గట్టు మీద నిలబడి సాళ్లు లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు.

నాలుగో సాలు దగ్గర పక్క చేను అవ్వ వచ్చింది. ఆవిడ దోర్ల తెగ మనిషి. మాతో తెలుగు, ఇంట్లో దోర్లి, బజారులో హిందీ. కోపం వస్తే మూడూ. వయసు ఎంతో ఆవిడకే తెలియదు. చలికాలం అడవిలో దుంపలు తవ్వడం, ఇప్పపూల రోజుల్లో పూలు ఏరడం, వాటిని గుంత పక్కనున్న రాళ్ల దిబ్బ మీద ఎండబెట్టడం ఆవిడ పని. ఎండకు ఆ రాళ్లు పెనంలా కాగి పూలు తొందరగా ఎండుతాయి. అప్పుడు కూడా చాప చంకన పెట్టుకుని దిబ్బ మీదికే పోతోంది.

ఏం చేస్తున్నారని అడిగింది. బావ చెట్టు పీకుతూనే నా వైపు చేయి చూపించాడు. నేను అంతా చెప్పాను, యాభై ఎనిమిది అడుగుల దగ్గర నుంచి మూడు వేల దాకా. ఆవిడ ఓపిగ్గా విన్నది. విని, గుంత నోటి దగ్గరికి పోయి తొంగి చూసి, వెనక్కి తిరిగి దిబ్బను చూసింది. మళ్లీ నన్ను చూసింది.

“ఏంది పిలగా, బొంద గొలిచినవ్. అందులకెళ్లి తీసింది గొలవలే?”

నాకు వెంటనే అర్థం కాలేదు. అది కొండ గదవ్వా అన్నాను. దిబ్బ మీద తునికి చెట్లున్నాయి, ఒక ఇప్ప చెట్టు రెండు చేతులు పట్టనంత లావుంది. నేను పుట్టినప్పటి నుంచి అది అక్కడే ఉంది.

“కొండైతే రాళ్లన్నీ సుత్తెతోని కొట్టినట్టు ఎందుకుంటయ్? మేం దుంపలు తవ్వెటోళ్లం. బొంద సన్నగుండి మన్ను ఎక్కువొస్తే, దుంప పక్కకు పోయినట్టు. నిట్టనిలువు దుంప యాడన్న జూసినవా?”

దుంప తవ్వేవాళ్లు తీగ దిగిన చోట చిన్న నోరు చేసుకుని, వేరు ఎటు పోతే అటే పోతారు. చుట్టూ ఉన్న మట్టిని అనవసరంగా కదిలించరు. తల భాగం తీగతోపాటు మట్టిలోనే వదిలేస్తారు, మళ్లీ ఏడు ఊరడానికి. గని తవ్వినవాడూ అంతే. రాగి ఎటు పోతే అటే పోయి ఉంటాడు, మా బావ మోటారుకు వీలుగా నిట్టనిలువుగా తవ్వడు. ఈ ముక్క తట్టడానికి నాకు ఒక ముసలమ్మ కావలసి వచ్చింది. అంతకంటే సిగ్గుచేటు ఇంకోటుంది. ఆ మధ్యాహ్నం ఇంటికి పోయి నోటుబుక్కు తీస్తే, పద్నాలుగో పేజీలో నా దస్తూరితోనే ఉంది: ‘రాగి ఉన్న పొర నిలువుగా లేదు. గూట్లో ఒరిగిన పుస్తకంలా ఏటవాలుగా ఉంది. తవ్వినవాళ్లు దాని వెంటే పోయి, పైకప్పు కూలకుండా నడుమ నడుమ బండ స్తంభాలు వదిలి ఉంటారు.’ కింద గీత కూడా కొట్టి ఉంది. తాడు వదిలినప్పుడు అది ఉత్తరపు గోడకు ఒరిగే దిగింది, నేను చూశాను. గోడ అడ్డం వస్తోందని గోడనే తిట్టుకున్నాను.

అప్పటికి మాత్రం నేను పరిగెత్తింది బావ దగ్గరికి. ఆగు బావా, ఇంకోసారి లెక్క చేస్తానన్నాను. ఆయన చేతిలో ఐదో సాలు ఆఖరి చెట్టు ఉంది. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, మెల్లగా గట్టు మీద పెట్టాడు.

ధాన్యపు రాశిని కొలిచినట్టే దిబ్బను కొలిచాను. కింద అడ్డం అరవై అడుగులు, ఎత్తు పదిహేను. పద్నాలుగు వేల ఘనపుటడుగుల రాయి. బండ పగిలితే పొంగుతుంది. రెండు గంపల బండ మూడు గంపల రాళ్లవుతుందని బావులు తవ్వించి నేర్చుకున్నాను. ఆ లెక్కన లోపల ఉన్న ఖాళీ తొమ్మిది వేల పైచిలుకు. ముందు చెప్పినదానికి మూడింతలు. తవ్వినవాళ్లు మోసుకుపోయిన రాగి రాయి ఈ దిబ్బలో లేదు, కాబట్టి ఇంకొంచెం ఎక్కువ. అడుగున పూడిక చేరి ఉంటుంది, కాబట్టి ఇంకొంచెం తక్కువ. ఆ రెండూ వాటిలో అవి తేల్చుకుంటాయని వదిలేశాను. రెండు తడులు ఖాయం, మూడోది అదృష్టం అని చెప్పాను.

మా బావ తల గోక్కున్నాడు. “నిన్న ఒక్కటంటివి. ఇప్పుడు మూడంటివి. మాపటికి ఎన్నంటవ్?”

న్యాయమైన ప్రశ్న. కాబట్టి నీళ్లనే అడుగుదామన్నాను. ఎండిన బోరులోంచి తీసిన మోటారు ఇంట్లో పడి ఉంది. దాన్ని తాళ్లతో గుంతలోకి దించాం. దించే ముందు అవ్వ గుప్పెడు ఇప్పపూలు అంచున పెట్టింది. తవ్వినోళ్లను అడగకుండా ఎట్లా తోడతారని మమ్మల్ని కసిరింది. పైపు కొసన రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టి ఫోనులో గడియారం చూశాను. అరవై ఆరు సెకన్లకు నిండింది. అంటే గుంత నా మొదటి లెక్క ప్రకారం నిట్టనిలువుగా ఉంటే గంటకు ఆరడుగుల పైన నీళ్లు దిగాలి. లోపల గదులుంటే అంత దిగకూడదు. అడుగడుక్కీ ముడులు వేసిన తాడు వేలాడదీసి, నలుగురం నాలుగు రాళ్ల మీద కూర్చున్నాం.

మొదటి గంటకు ఆరడుగుల జానెడు దిగింది.

నిజం చెప్పాలి. ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది, నా మొదటి లెక్క నిజమైందని. ఆ వెంటనే మా అక్క ముఖం చూశాను. బావ లేచి చేను వైపు నడిచాడు. అవ్వ వెనక నుంచి, కూర్చున్న దగ్గర నుంచి లేవకుండానే, ఒక్క మాట అంది. “కూసో. ఇంక బొంద మెడకాయే దాటలే నువ్వు.”

ఆయన కూర్చున్నాడు. ఆవిడ కూర్చోమంటే మా ఊళ్లో ఎవరైనా కూర్చుంటారు.

రెండో గంటకు రెండడుగులు కూడా దిగలేదు. తాడు మూడుసార్లు తీసి చూశాను. మోటారు ఆగిపోతోందేమోనని బావ కంగారుపడ్డాడు. నేను డ్రమ్ము దగ్గరికి పరిగెత్తి మళ్లీ నింపి చూశాను. అరవై ఆరు సెకన్లు. అదే నీళ్లు, అదే వేగం. మూడో గంటకు ఒక్క అడుగు. అప్పటికి నీళ్లు దిగిన చోట ఉత్తరపు గోడ కింద ఒక చీకటి నోరు బయటపడింది, మనిషి వంగి పోయేంత. ఆ లోపల ఎండపొడ పడిన చోట పలుగురాయి మీద ఆకుపచ్చ చారలు మెరిశాయి. నడుమ ఒక బండ స్తంభం, పైకప్పును మోస్తూ. నోటి దగ్గర అరవై చదరపుటడుగులున్న నీళ్లు లోపల మూడు నాలుగు వందలకు పరుచుకుని ఉన్నాయి. నేను ఆ అంకె పైకి చెప్పలేదు. అవ్వ స్తంభం వైపు చూసి, వాళ్లు కూడా తల వదిలే తవ్విండ్రని అంది.

మా బావ గుంతలోకి చూశాడు, తర్వాత ముప్ఫై అయిదు సాళ్ల వైపు చూశాడు. ఆ వారంలో మొదటిసారి నన్ను తిట్టాడు. చాలా సేపు తిట్టాడు. ఎంతో హాయిగా అనిపించింది.

ఆ సాయంత్రానికి చేను సగం తడిసింది, మర్నాటికి మొత్తం. పదహారు రోజులకు రెండో తడి. పిందెలు ముదిరాయి, పండాయి, ఆఖరి కోత దాకా ఒక్క చెట్టు తల వాల్చలేదు. మూడో తడి కావలసి రాలేదు. ఎన్ని నీళ్లు మిగిలాయో తాడు వేసి చూద్దామని రెండుసార్లు గుంత దాకా పోయాను కానీ రెండుసార్లూ అవ్వ దిబ్బ మీద పూలు తిరగేస్తూ నన్నే చూస్తోంది. తాడు ఇంటికి తెచ్చేశాను.

ఇప్పుడు ఎవరైనా బావి కొలవమని పిలిస్తే, తవ్విన మన్ను ఎక్కడ పోశారని ముందు అడుగుతాను. అది ఎప్పుడో ఎత్తుకుపోయారంటారు. అయితే నా లెక్క సగమే నమ్మండని చెబుతున్నాను. ఈ మాట చెప్పినప్పటి నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గలేదు సరికదా పెరిగారు. ఇది మాత్రం ఏ లెక్కో నాకు అంతుపట్టలేదు.

పీకేసిన ఐదు సాళ్ల జాగాను మా బావ అలాగే బీడు వదిలాడు. చూడవచ్చిన వాళ్లకు, ఆ ముక్క బామ్మర్దిది, తొక్కకండి అని చెబుతాడు. ఆ సాళ్ల నుంచి తుంచిన పచ్చికాయల్ని మా అక్క పారేయలేదు. చీల్చి, ఉప్పు వేసి, మజ్జిగలో నానబెట్టి, అవ్వ పూల పక్కన ఆ రాళ్ల దిబ్బ మీదే ఎండబెట్టింది.

వానాకాలంలో ఒక పగలు వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాను. అక్క వేడన్నం, ముద్దపప్పు పెట్టి, నూనెలో వేయించిన సల్ల మిరపకాయలు గిన్నె నిండా తెచ్చి నా ముందు పెట్టింది. బావ మెతుకుల మాట మొదలుపెట్టబోయాడు. నేను మెంతుల మాట సిద్ధం చేసుకున్నాను. అక్క ఇద్దరినీ ఆపి, గిన్నె నా వైపు ఇంకొంచెం జరిపింది.

“తిను తమ్మీ. నీ హిసాబ్ సరిగ్గొస్తే ఇవి యాడియి?”

నాలుగు తిన్నాను. ఐదోది బావ పళ్లెంలో వేశాను.